నొప్పులు రానివ్వాలా, తేదీ పెట్టుకోవాలా: కాన్పు పద్ధతుల్ని బిడ్డ వైపు నుంచి పోల్చి చూస్తే

కాన్పు ఎలా జరగాలన్న మాట ఇంట్లో మొదలైతే తల్లి ఓర్చుకోగలదా, కోత ఎప్పటికి మానుతుంది, ఖర్చెంత, ఆ వారంలో మంచి నక్షత్రం ఏది అన్నవే ముందుకొస్తాయి. బిడ్డ సంగతి "ఎలాగైతేనేం, క్షేమంగా పుడితే చాలు" అన్న మాటతో తేలిపోతుంది. కానీ క్షేమం పుట్టిన నిమిషంతో ఖాయమైపోదు. అప్పటిదాకా నీళ్లలో ఉన్న బిడ్డ గాలి పీల్చాలి. తన వేడి తానే పుట్టించుకోవాలి. మాయ నుంచి వచ్చే చక్కెర ఆగిపోయాక సొంత నిల్వల మీద గడుపుకోవాలి. ఇందుకు కావలసిన సన్నాహం చాలావరకు నొప్పుల వేళే జరుగుతుంది. గొర్రెపిల్లల్లో, ఎలుకపిల్లల్లో, మనుషుల్లో దశాబ్దాలుగా జరిగిన పరిశోధనల సారం ఇదే.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశం మొత్తం మీద 21.5 శాతం. వీటిలో ప్రాణాలు నిలబెట్టిన ఆపరేషన్లున్నాయి, పంచాంగం చూసి పెట్టుకున్నవీ ఉన్నాయి. ముహూర్తం ఆపరేషన్లు మానమని 2022లో అప్పటి తెలంగాణ ఆరోగ్య మంత్రి హరీశ్‌రావు బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది.

మీ ముందున్న దారులు నాలుగు:

1. నొప్పులు వాటంతటవే వచ్చి మామూలు కాన్పు
2. మందులతో నొప్పులు తెప్పించి కాన్పు
3. నొప్పులు మొదలయ్యాక సిజేరియన్
4. నొప్పులు రాకముందే తేదీ పెట్టుకుని సిజేరియన్

మన ఇళ్లలో వీటిని 'నార్మల్', 'ఆపరేషన్' అని రెండుగా విడదీస్తారు. బిడ్డ ఊపిరితిత్తుల దృష్ట్యా ఆ విభజన సరికాదు. అక్కడ అసలు గీత మూడో దారికీ నాలుగో దారికీ మధ్య ఉంది.

## ఎంపికే లేని సందర్భాలు

మాయ కిందికి వచ్చి గర్భాశయ ముఖాన్ని మూసేసినప్పుడు, బిడ్డ అడ్డం తిరిగి ఉన్నప్పుడు, వెనకటి ఆపరేషన్‌లో గర్భాశయం పైభాగాన నిలువు కోత పడినప్పుడు, బొడ్డుతాడు బిడ్డకంటే ముందు జారినప్పుడు, బిడ్డ గుండె వేగం పడిపోయి కోలుకోనప్పుడు సిజేరియనే దారి. అప్పుడు ఈ పోలికలన్నీ పక్కన పెట్టి డాక్టరు చెప్పినట్టు చేయాలి. చివర్లో ఉన్న 'సిజేరియన్ తప్పనప్పుడు' అన్న భాగం మాత్రం మీకూ పనికొస్తుంది.

ఇక "మెడలో పేగు వేసుకుంది" అన్న కారణం. నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో బొడ్డుతాడు మెడ చుట్టూ ఉంటుంది. తల బయటకు రాగానే దాన్ని వేలితో పైనుంచి తప్పిస్తారు. బిడ్డ గుండె కొట్టుకోవడం బాగున్నంతవరకు స్కాన్‌లో అది కనిపించడం ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు.

## దేన్ని బట్టి పోల్చాలి

### ఊపిరితిత్తుల్లో నీరు

అన్నిటికంటే బరువైన కొలమానం ఇదే. కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు ముడుచుకుని ఉండవు, నీటితో నిండి ఉంటాయి. అది మింగిన ఉమ్మనీరు కాదు, ఊపిరితిత్తుల లోపలి పొర తనంతట తాను స్రవించే ద్రవం. కిలో బరువుకు సుమారు 25–30 మిల్లీలీటర్లు, అంటే మూడు కిలోల బిడ్డలో 75–90 మిల్లీలీటర్లు. ఊపిరితిత్తులు పెరగడానికి కడుపులో అది కావాలి. బయటికొచ్చాక అదే అడ్డం.

ఆ నీరు ఎలా పోతుంది? కాన్పు దారిలో ఛాతీ నలిగి పిండుకుపోతుందని చాలామంది నమ్మకం. కొంత పోయే మాట నిజమే గాని అది చిన్న వాటా. అసలు పని చేసేది ఒత్తిడి వేళ బిడ్డ ఒంట్లో ఊరే ఆడ్రినలిన్ అనే హార్మోన్. నొప్పి వచ్చిన ప్రతిసారీ గర్భాశయం బిగుసుకుని బిడ్డ తలమీద ఒత్తిడి పడుతుంది, మాయకు రక్తం కాసేపు తగ్గుతుంది. బిడ్డ అడ్రినల్ గ్రంథులు దానికి స్పందించి ఆడ్రినలిన్, నార్‌ఆడ్రినలిన్ వదులుతాయి. మామూలుగా పుట్టిన బిడ్డ బొడ్డు రక్తంలో వీటి మోతాదు తీరిక వేళ పెద్దవాళ్లలో ఉండేదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. స్వీడన్ వైద్యుడు హ్యూగో లాగర్‌క్రాంట్స్ 1980లలో దీన్ని విస్తారంగా కొలిచాడు. నొప్పులు లేకుండా ఆపరేషన్‌తో తీసిన బిడ్డల్లో ఆ ఉప్పెన చాలా తక్కువ.

ఆడ్రినలిన్ ఊపిరితిత్తుల పొరలోని సోడియం ద్వారాలను తెరుస్తుంది. సోడియం ఆ నీటిలోంచి పొరలోకి వెళ్తుంది, దాని వెంట నీరూ వెళ్తుంది. నీటిని స్రవించే పొరే నీటిని పీల్చుకునే పొరగా మారుతుందన్నమాట. కడుపులోని గొర్రెపిల్లలకు ఆడ్రినలిన్ ఎక్కించి ఈ మలుపును కళ్లారా చూశారు. నెలలు నిండని పిల్లల్లో అది సరిగా జరగలేదు, నిండిన కొద్దీ బాగా జరిగింది. మిగిలిన నీటిని మొదటి ఊపిరుల ఒత్తిడి ఊపిరితిత్తుల కణజాలంలోకి నెడుతుంది. అక్కడినుంచి రక్తం, శోషరసం దాన్ని తీసుకుపోతాయి.

ఈ మలుపు ఆలస్యమైతే బిడ్డకు ఆయాసం వస్తుంది. నిమిషానికి 60కి పైగా ఊపిరి, మూలుగు, ముక్కుపుటాలు ఎగరేయడం, డొక్కలు లోపలికి పోవడం కనిపిస్తాయి. ఎక్కువమందికి 24 నుంచి 72 గంటల్లో తగ్గిపోతుంది. కానీ ఆ మూడు రోజులు బిడ్డ ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ప్రత్యేక చికిత్స విభాగంలో), తల్లి వార్డులో. కొద్దిమందిలో ఊపిరితిత్తుల రక్తనాళాలు తెరుచుకోక పరిస్థితి విషమిస్తుంది.

### వారాలు

చివరి వారాల్లో బిడ్డ ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతూ వస్తుంది. ఊపిరితిత్తుల గదులు అతుక్కుపోకుండా ఆపే జిడ్డు పదార్థం తయారీకి, కాలేయంలో చక్కెర నిల్వకు, థైరాయిడ్ హార్మోన్ చురుకుకు ఇదే ఆధారం. న్యూజీలాండ్‌లో వైద్యుడు లిగిన్స్ 1969లో గొర్రెల్లో స్టెరాయిడ్ (కార్టిసాల్ లాంటి మందు) ఎక్కించి కాన్పు ముందుకు తెచ్చినప్పుడు, బతకలేనంత ముందుగా పుట్టిన పిల్లల ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్లడం గమనించాడు. 1972లో సహచర వైద్యుడు హోవీతో కలిసి తల్లుల మీద జరిపిన పరీక్షతో, నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉన్నవాళ్లకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి మొదలైంది.

నొప్పులు, వారాలు కలిస్తే ఏమవుతుందో డెన్మార్క్‌లో 34 వేల పైచిలుకు కాన్పులు పరిశీలించి 2008లో ప్రచురించిన లెక్క చూపిస్తుంది. ఊపిరి ఇబ్బంది వచ్చిన బిడ్డలు, శాతంలో:

| నిండిన వారాలు | తేదీ పెట్టిన సిజేరియన్ | మామూలు కాన్పుకు సిద్ధపడినవారు |
|---|---|---|
| 37 | 10.0 | 2.8 |
| 38 | 5.1 | 1.7 |
| 39 | 2.1 | 1.1 |

అడ్డంగా చదివితే నొప్పుల విలువ, నిలువుగా చదివితే వారాల విలువ కనిపిస్తాయి. 37లో పెట్టుకున్న ఆపరేషన్‌ను 39కి జరిపితే ముప్పు దాదాపు ఐదో వంతుకు పడిపోతోంది. నాలుగో దారిలో వెళ్లేవాళ్ల చేతిలో ఇంతకు మించిన ఆయుధం లేదు.

### రక్తం దారి మళ్లడం

ఊపిరితిత్తుల్లోకి గాలి చేరగానే వాటి రక్తనాళాలు విచ్చుకుంటాయి. గుండెలో కడుపునాటి అడ్డదారులు మూసుకోవడం మొదలవుతుంది. ఇది నిమిషాలమీద జరిగే పని. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకైనా మొదటి నిమిషంలో ఆక్సిజన్ 60–65 శాతమే, ఐదో నిమిషానికి 80–85, పదో నిమిషానికి 85–95 ఉంటుంది. కాబట్టి పుట్టగానే కాస్త నీలంగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

బొడ్డుతాడు ఎప్పుడు కోశారన్నది ఇక్కడ లెక్కలోకి వస్తుంది. ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే మాయలో ఉన్న రక్తంలోంచి 80–100 మిల్లీలీటర్ల దాకా బిడ్డకు చేరుతుంది. ఆర్నెల్ల వయసులో ఇనుము నిల్వలు బాగుంటాయి. ఊపిరి అందుకునేలోపే కోస్తే గుండెకు చేరే రక్తం ఒక్కసారిగా తగ్గుతుందని గొర్రెపిల్లల్లో చేసిన పరిశోధనలు చూపించాయి.

### వేడి, చక్కెర

పసిబిడ్డ వణకడు. మెడ వెనక, రెక్కల మధ్య, మూత్రపిండాల చుట్టూ ఉన్న గోధుమరంగు కొవ్వును కరిగించి వేడి పుట్టించుకుంటాడు. దాన్ని రగిలించేది నార్‌ఆడ్రినలిన్, థైరాయిడ్ హార్మోన్లు. కడుపులో ఉన్నంతసేపూ మాయ నుంచి వచ్చే రసాయనాలు ఆ పొయ్యిని ఆర్పి ఉంచుతాయి, బొడ్డు కోశాకే అది అంటుకుంటుంది. తడి ఒంటితో చల్లటి గదిలో ఉన్న బిడ్డ చర్మం నిమిషానికి 0.3 డిగ్రీలు, లోపలి వేడి 0.1 డిగ్రీ చొప్పున చల్లబడతాయి. పది నిమిషాలు చాలు, 37 నుంచి 36కి దిగిపోవడానికి. ఉండాల్సింది 36.5 నుంచి 37.5 మధ్య.

చక్కెర పుట్టిన ఒకటి రెండు గంటలకు అట్టడుగుకు పడి, తర్వాత లేస్తుంది. కాలేయంలో దాచుకున్న నిల్వను విడిపించే తాళం కూడా ఆడ్రినలినే. చల్లబడిన బిడ్డ చక్కెరను త్వరగా ఖర్చు చేసేస్తాడు. ఆయాసపడే బిడ్డ పాలు తాగలేడు. ఈ మూడు ఇబ్బందులూ ఒకదాన్నొకటి లాక్కొస్తాయి, అందుకే ఎన్‌ఐసీయూలో మూడూ ఒకే బిడ్డలో తరచూ కనిపిస్తాయి.

### మెలకువ, చన్ను పట్టడం

నొప్పులు పడి పుట్టిన బిడ్డ మొదటి గంటంతా కళ్లు విప్పి చురుగ్గా ఉంటాడు. ఆ గంటలో తగిలిన వాసనను గుర్తుపెట్టుకోవడంలో కూడా తేడా కనిపించింది. సిజేరియన్ బిడ్డల్లోనే చూసినా, నొప్పులు మొదలయ్యాక తీసినవాళ్లు ఆ వాసన వైపు తిరిగారు, నొప్పులు లేకుండా తీసినవాళ్లలో అది కనిపించలేదు. ఎలుకపిల్లల్ని ఆపరేషన్‌తో తీసి, కొన్నింటికి నొప్పుల్లో పడేలాంటి నొక్కుడు కలిగించి చూశారు. ఊపిరి కుదురుకోవడంలో, చన్ను పట్టడంలో ఆ నొక్కుడు పడినవే ముందున్నాయి.

### సూక్ష్మజీవులు

దీనిమీద మాటలు ఎక్కువ, తేల్చి చెప్పగలిగింది తక్కువ. మామూలుగా పుట్టిన బిడ్డ పేగుల్లోకి తల్లి పేగుల నుంచి వచ్చిన మంచి బ్యాక్టీరియా ముందు చేరుతుంది. సిజేరియన్ బిడ్డకు చర్మం మీదివి, ఆస్పత్రివి ఎక్కువ. ఏడాది తిరిగేసరికి ఆ తేడా చాలావరకు సమసిపోతుంది. తల్లిపాలు దాన్ని ఇంకా త్వరగా సరిదిద్దుతాయి. ఎంపికకు దీన్ని మొదటి కారణం చేసుకోవద్దు.

## నాలుగు దారులు, పక్కపక్కన

| | వాటంతటవే వచ్చిన నొప్పులు | తెప్పించిన నొప్పులు | నొప్పులొచ్చాక సిజేరియన్ | తేదీ పెట్టిన సిజేరియన్ |
|---|---|---|---|---|
| ఆడ్రినలిన్ ఉప్పెన | పూర్తిగా | దాదాపు పూర్తిగా | చాలావరకు | చాలా తక్కువ |
| బిడ్డ పక్వత | బిడ్డే ఎంచుకున్న సమయం | వారాన్ని బట్టి | బిడ్డే ఎంచుకున్న సమయం | వారాన్ని బట్టి |
| చల్లబడే ముప్పు | తక్కువ | తక్కువ | ఎక్కువ, థియేటర్ ఏసీ వల్ల | అన్నిటికంటే ఎక్కువ |
| తొలి గంటలో పాలు | తేలిక | తేలిక | సాయం కావాలి | సాయం కావాలి |
| ప్రధాన భయం | కాన్పు మరీ ఆలస్యమవడం, బిడ్డ అలసట | నొప్పులు మితిమీరడం | అర్ధరాత్రి హడావుడి | ఆయాసం, వారాల లెక్క తప్పడం |

### మొదటిది: వాటంతటవే

తలకిందుగా ఉన్న ఒకే బిడ్డ, తల్లికి పెద్ద జబ్బులేమీ లేవు అంటే బిడ్డకు మేలైన దారి ఇదే. అయితే నొప్పుల ఒత్తిడి మితంగా ఉన్నంతవరకే మేలు. రెండు నొప్పుల మధ్య మాయకు రక్తం తిరిగి చేరే విరామం ఉండాలి. గంటలు గడిచినా తల దిగకపోతే, ఉమ్మనీరు ఆకుపచ్చగా చిక్కబడితే, గుండె వేగం నొప్పి తగ్గాక కూడా పుంజుకోకపోతే సన్నాహం కాస్తా గండంగా మారుతుంది. అందుకే నొప్పుల్లో ఉన్నవాళ్లకు తొలి దశలో పావుగంట నుంచి అరగంటకోసారి, బిడ్డను తోసే దశలో ఐదు నిమిషాలకోసారి గుండె చప్పుడు వినే ఆస్పత్రి కావాలి.

ఆస్పత్రులు తొందరపడేదీ ఇక్కడే. గర్భాశయ ముఖం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే కాన్పు ఊపందుకున్నట్టని 2018 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంతకుముందు దశకు గడువంటూ లేదు. 3 సెంటీమీటర్ల దగ్గరే "ముందుకు సాగడం లేదు" అని ఆపరేషన్ మాట తెస్తే, తల్లీబిడ్డ బాగున్నప్పుడు ఇంకాసేపు చూడొచ్చా అని అడగండి.

నొప్పి తెలియకుండా నడుముకిచ్చే ఎపిడ్యూరల్ వల్ల బిడ్డ ఆడ్రినలిన్ ఆగిపోదు, ఎందుకంటే దాన్ని పుట్టించేది బిడ్డ మీద పడే ఒత్తిడి. తల్లికి పెథిడిన్ లాంటి మత్తు ఇంజెక్షన్ కాన్పుకు రెండు మూడు గంటల ముందు ఇస్తే మాత్రం బిడ్డ మందకొడిగా, ఊపిరి తక్కువగా పుట్టే అవకాశం ఉంది.

### రెండోది: తెప్పించిన నొప్పులు

గర్భాశయ ముఖాన్ని మెత్తబరిచే జెల్ పెట్టడం, బెలూన్ గొట్టం పెట్టడం, నొప్పులు పుట్టించే ఆక్సిటోసిన్ మందును సెలైన్‌లో ఎక్కించడం ఇందులోవి. నొప్పులు నిజమైనవే కాబట్టి బిడ్డ స్పందనా దాదాపు అలాగే ఉంటుంది. మొదటి కాన్పు, ఏ ఇబ్బందీ లేని 6,106 మంది మీద అమెరికాలో చేసి 2018లో వెలువరించిన పరీక్షలో 39వ వారంలో నొప్పులు తెప్పిస్తే సిజేరియన్లు 18.6 శాతం, ఆగి చూస్తే 22.2 శాతం. బిడ్డల పరిస్థితిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది 39 నిండినవాళ్ల సంగతి. కారణం లేకుండా 37లో జెల్ పెట్టించుకోవడానికి దీన్ని సాక్ష్యంగా తేవద్దు.

జరిగే పొరపాట్లు రెండు. ఒకటి మోతాదు మించడం: పది నిమిషాల్లో ఐదుకు మించి నొప్పులు వస్తుంటే బిడ్డకు ఊపిరాడే విరామం దొరకదు, మందు తగ్గించాలి లేదా ఆపాలి. రెండోది ఓపిక చాలకపోవడం: మొదటి కాన్పులో గర్భాశయ ముఖం మెత్తబడటానికే ఒక రోజు పట్టొచ్చు. ఉమ్మనీటి సంచి తెరిచి, ఆక్సిటోసిన్ పెట్టి కనీసం 12 గంటలు చూశాకే, తల్లీబిడ్డ బాగుంటే, "మందు పనిచేయలేదు" అనాలి.

### మూడోది: నొప్పులొచ్చాక సిజేరియన్

మన దగ్గర ఎవరూ కావాలని ఎంచుకోని దారి. మామూలు కాన్పు కుదరక అక్కడికి చేరినవాళ్లే ఎక్కువ. కానీ సిజేరియన్ ఎలాగూ తప్పదనుకున్న కొందరికి, నొప్పులు మొదలయ్యేదాకా ఆగి వెంటనే చేయించుకోవడం బిడ్డకు నాలుగో దారికంటే నయం. కొద్ది గంటల నొప్పులైనా ఊపిరితిత్తుల మలుపును మొదలుపెడతాయి.

చిక్కు ఎక్కడంటే, ఆ వేళ అర్ధరాత్రి రావచ్చు. తిన్న కడుపుతో మత్తు ఇవ్వాల్సి రావచ్చు. మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు 24 గంటలూ అందుబాటులో ఉండే ఆస్పత్రి పావుగంట, అరగంట దూరంలో ఉంటేనే ఈ ఆలోచన. కిందికి దిగిన మాయ, అడ్డం తిరిగిన బిడ్డ, రెండు లేదా అంతకుమించి పాత సిజేరియన్లు, నిలువు కోత ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. ఇక తల బాగా దిగిపోయి, గంటల తరబడి తోసి అలసిపోయాక చేసే ఆపరేషన్ ఈ కోవలోకి రాదు, అది తల్లికీ బిడ్డకీ అన్నిటికంటే కష్టమైనది.

### నాలుగోది: తేదీ పెట్టిన సిజేరియన్

వేళ తెలిసి ఉంటుంది, డాక్టర్లంతా పగటిపూట సిద్ధంగా ఉంటారు, హడావుడి లేదు. తల్లివైపు నుంచి ఇవి చిన్న సుఖాలేమీ కావు. బిడ్డవైపు నుంచి చూస్తే నొప్పుల సన్నాహం చాలావరకు పోతుంది గనుక మిగిలిన అస్త్రం వారాలే. వైద్య కారణం లేకపోతే 39 వారాలు నిండకముందు తేదీ వద్దు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ముహూర్తం అడిగినా అక్కడి ఆస్పత్రులు 39కి ముందు తేదీ ఇవ్వకపోవడానికి కారణం ఇదే.

వారాల లెక్కే చాలా ఇళ్లలో తేడా కొడుతుంది. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తే:

| ఇంట్లో అనే మాట | సుమారు వారాలు |
|---|---|
| తొమ్మిదో నెల పడింది | 35 |
| నెలకు నాలుగు వారాల చొప్పున తొమ్మిది నెలలు | 36 |
| క్యాలెండర్ ప్రకారం తొమ్మిది నెలలు నిండాయి | 39 |
| తొమ్మిది నెలల ఏడు రోజులు, డాక్టరు ఇచ్చిన తేదీ | 40 |

పంతులుగారికి "తొమ్మిదో నెల" అని చెప్పి వచ్చే పక్షంలో ముహూర్తం పెట్టిస్తే అది 36లో పడే ప్రమాదం ఉంది. దీనికి స్కాన్ తేడా తోడవుతుంది. 11–13 వారాల్లో తీసిన స్కాన్ వారం లోపు తేడాతో వయసు చెబుతుంది, ఆఖరి నెలల స్కాన్ మూడు వారాల దాకా తప్పొచ్చు. తేదీ కట్టాల్సింది మొదటి స్కాన్ కాగితం చూసి, చివరిది చూసి కాదు. మొదటి స్కాన్ లేకపోతే ముహూర్తం ఊసు మానేయడమే మంచిది.

ముహూర్తం తప్పదని పెద్దలు పట్టుబడితే, డాక్టరు ఇచ్చిన 39–40 వారాల కిటికీలోంచి రోజు ఎంచుకోమనండి, పగటి వేళకు పరిమితం చేయండి. నిమిషాల కోసం తొందరపెడితే థియేటర్లో బొడ్డుతాడు ఆగకుండా కోసేస్తారు, బిడ్డను తుడిచే తీరిక ఉండదు. తెల్లవారుజామున మూడింటి లగ్నానికి పిల్లల డాక్టరు నిద్రలేచి వస్తాడన్న హామీ కూడా ఉండదు.

"ముందే చేసి, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇప్పిస్తే సరిపోదా?" అని కొందరు అడుగుతారు. 37–38లో ఇస్తే ఆయాసం తగ్గిన మాట నిజం. కానీ స్టెరాయిడ్ పడిన బిడ్డల్లో చక్కెర పడిపోవడం ఎక్కువగా కనిపించింది. రెండు వారాలు ఆగితే అవసరమే లేని ఇంజెక్షన్ అది.

## మీ పరిస్థితి ఏది?

మొదటి కాన్పు, అంతా మామూలే. మొదటి దారి. 41 వారాలు దాటుతుంటే రెండోది. మొదటిసారే కోత పడితే తర్వాతి కాన్పులన్నిటి మీదా దాని నీడ ఉంటుంది. ప్రతి కొత్త కోతకూ మాయ పాత మచ్చలో పాతుకుపోయే ముప్పు పెరుగుతుంది.

ఒకసారి సిజేరియన్ అయింది. అడ్డకోత, ఒక్కటే, పాత కారణం ఇప్పుడు లేదు అంటే మామూలు కాన్పుకు ప్రయత్నించొచ్చు. ప్రయత్నించినవాళ్లలో నలుగురిలో ముగ్గురికి కుదురుతుంది. పాత కుట్టు విచ్చుకునే ముప్పు రెండు వందల్లో ఒకరికి. అరగంటలో థియేటర్ సిద్ధం చేయగల ఆస్పత్రి లేకపోతే ప్రయత్నించొద్దు. నొప్పుల కోసం మిసోప్రోస్టాల్ మాత్ర వీళ్లకు పనికిరాదు. మామూలు కాన్పు వద్దనుకుంటే మూడో దారి గురించి డాక్టరుతో మాట్లాడండి, కాదంటే 39 నిండాక నాలుగోది.

షుగర్ ఉన్న తల్లి. బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఊరి ఊపిరితిత్తుల పక్వతను వెనక్కు లాగుతుంది, పుట్టాక చక్కెరను పడగొడుతుంది. పైగా మరీ ఆలస్యం చేయడమూ మంచిది కాదు. ఇన్సులిన్ వాడుతుంటే 38–39లో నొప్పులు తెప్పించడం ఎక్కువమంది అనుసరించే పద్ధతి. బిడ్డ బరువు నాలుగున్నర కిలోలు దాటుతుందనిపిస్తే ఆపరేషన్. ఈ బిడ్డలకు మొదటి గంటలోనే పాలు, తర్వాత చక్కెర పరీక్షలు తప్పనిసరి.

ఎదురుకాళ్ల బిడ్డ. 36–37 వారాల్లో పొట్ట మీదనుంచి చేతులతో బిడ్డను తిప్పే పద్ధతి ఉంది, సుమారు సగం మందిలో ఫలిస్తుంది. ఆపరేషన్ తేదీ రాయించుకునే ముందు దాని గురించి అడగండి.

ఆస్పత్రి దూరమైన ఊళ్లో ఉన్నవాళ్లు. రాత్రిపూట ఘాట్ రోడ్డు మీద ప్రయాణం భయంతో 37లోనే ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. 38 దాటాక ఆస్పత్రి ఉన్న ఊరికి మకాం మార్చడం బిడ్డకు చవకైన మందు. పార్వతీపురం మన్యం జిల్లాలో గుమ్మలక్ష్మీపురం, సాలూరుల్లో గిరిజన గర్భిణుల కోసం వసతి గృహాలు పెట్టింది ఇందుకే.

నొప్పులంటే భయం. భయం చిన్న కారణమేమీ కాదు. కానీ దానికి మొదటి మందు ఎపిడ్యూరల్, పక్కన ధైర్యం చెప్పే మనిషి. ఈ రెండూ ఉన్న ఆస్పత్రి వెతికాకే నాలుగో దారి గురించి ఆలోచించండి.

## సిజేరియన్ తప్పనప్పుడు

నొప్పులు ఇవ్వలేనిదాన్ని కొంత చేతులతో తిరిగి ఇవ్వొచ్చు. ఆపరేషన్‌కు ముందురోజే ఇవి మాట్లాడుకోండి, బల్లమీద పడుకున్నాక ఎవరూ వినరు.

- థియేటర్లో బిడ్డను తీసేవేళకు గది వేడి 25 డిగ్రీలకు తగ్గకుండా ఏసీ సర్దమనండి. సర్జన్‌కు ఉక్కపోస్తుంది, బిడ్డకు మాత్రం అదే కావాలి.
- బిడ్డ ఏడ్చి ఊపిరి తీస్తుంటే బొడ్డుతాడు కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగాలి. సిజేరియన్‌లోనూ ఇది కుదురుతుంది.
- వెంటనే పొడిగుడ్డతో తుడిచి, ఆ తడిగుడ్డ తీసేసి, తలకు టోపీ పెట్టి తల్లి ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టాలి. వెన్నులో మత్తు ఇచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది. ఆమెకు వీలుకాకపోతే తండ్రి ఛాతీ అయినా సరే.
- తొలి గంటలో ముర్రుపాలు. రెండు చుక్కలు వచ్చినా చాలు. "పాలు పడలేదు" అని డబ్బాపాలు, తేనె, పంచదార నీళ్లు పెట్టొద్దు.
- తొలి స్నానం కనీసం 24 గంటల తర్వాతే.
- తల్లి యోని ద్రవాన్ని గుడ్డతో బిడ్డకు పూసే పద్ధతి అంతర్జాలంలో కనిపిస్తుంది. దాంతో తల్లిలోని ఇన్ఫెక్షన్లు బిడ్డకు చేరొచ్చు, చేయించొద్దు.

బిడ్డ గదికి వచ్చాక ఊపిరి మీరే లెక్కపెట్టొచ్చు. పాలు తాగి నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకి జరిపి, పొట్ట లేచి పడటం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే పసివాళ్లు గబగబా కొన్ని ఊపిర్లు తీసి ఐదారు సెకన్లు ఆగుతారు. 40 నుంచి 60 మధ్య ఉంటే సరే. 60 దాటితే కాసేపాగి మళ్లీ లెక్కపెట్టండి, రెండోసారీ దాటితే నర్సును పిలవండి. మూలుగు వినిపిస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, పెదాలు, నాలుక నీలంగా ఉన్నా రెండో లెక్క అక్కర్లేదు, అప్పుడే పిలవాలి.